జన్యుఖండముల రూపాన్వేషణము

గుంటూరు మొదలుకొని నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి, దర్శి ప్రాంతముల వరకు పరచుకొనియున్న నల్లరేగడిలో ప్రత్తియు మిరపయు పండించు రైతునకు జన్యువు అను మాట నేడు క్రొత్తది కాదు. 2002లో మనదేశమున బి.టి. ప్రత్తికి అనుమతి లభించినప్పటినుండి విత్తనపు ప్యాకెట్టు కొన్న ప్రతివాడును ఆ మాట వినుచునే యున్నాడు. మిరపతోటలో ఆకులు ముడుచుకొని మొక్క గిడసబారినప్పుడు, ఆ బొబ్బర తెగులునకు మూలము తెల్లదోమ మోసికొనివచ్చు జెమినీ వైరస్ అనియు, ఆ వైరస్సులో నున్నదంతయు చిన్న డి.ఎన్.ఏ. వలయమును దానిని కప్పిన ప్రోటీను తొడుగును మాత్రమే యనియు లాం ఫారము శాస్త్రజ్ఞులు చెప్పగా వినియున్నాడు. కాని ఆ డి.ఎన్.ఏ. ఆకార మెట్టిది, సాధారణ సూక్ష్మదర్శినికి సైతము అందని యంతటి చిన్నవస్తువు వంపుసొంపులను మనుష్యు డెట్లు కొలువగలిగెను అను ప్రశ్నలకు మన భాషలో సమాధానము చెప్పినవారు అరుదు. ఏటేట విత్తనమునకును మందులకును అప్పుచేసి వెచ్చించువానికి, తన చేనిలో పనిచేయు ఈ పదార్థమునుగూర్చి పేరుకంటె కొంత యెక్కువ తెలిసికొను హక్కు కలదని నా దృఢవిశ్వాసము.

డి.ఎన్.ఏ. యనునది అడినీను, థైమీను, గ్వానీను, సైటోసీను అను నాలుగు క్షారముల వరుస యనియు, ఈ నాలుగింటిని ఎ, టి, జి, సి అను నాలుగక్షరములుగా వ్రాయుదు రనియు బడిపిల్లలకు సైతము తెలియును. ఇందువలన మనకు తెలియకయే ఒక భ్రమ కలుగుచున్నది: కణములోని ప్రోటీను లా యక్షరములను మనము పుస్తకము చదివినట్లు చదువుచున్న వని తలచుచున్నాము. వాస్తవమున ప్రోటీనునకు అక్షరము తెలియదు. దానికి తెలిసినది స్పర్శయే. డి.ఎన్.ఏ. మేనిపై ఎచ్చట గాడి వెడల్పయినది, ఎచ్చట ఇరుకైనది, ఎచ్చట పేలిక వదులైనది, ఎచ్చట బిగిసినది అను తేడాలను తడవికొని అది తనకు కావలసిన చోటును గుర్తించును. అక్షరముల వరుస మారినకొలది ఈ తేడాలును మారును. కావున వరుస తెలిసినంతమాత్రమున జన్యువు తెలిసినట్లు కాదు. దాని రూపము తెలియవలయును.

రెండు పేలికలు పెనవేసికొనినట్లు 1953లో వాట్సను, క్రిక్కులు ప్రకటించిన జంటసర్పిల రూపము డి.ఎన్.ఏ. పోగులపై ఎక్స్-కిరణములు ప్రసరింపజేసి తీసిన ఛాయాచిత్రముల సాయమున ఊహింపబడినది. అందు కనుపించునది వేలకొలది అక్షరముల సగటు రూపమే కాని, ఫలానిచోటి యాకారము కాదు. చిన్న డి.ఎన్.ఏ. తునుకలను కోరిన వరుసతో ప్రయోగశాలలో కూర్చు విద్య అలవడిన పిమ్మట, 1980 ప్రాంతమున అమెరికాలో డికర్సను బృందమువారు పండ్రెండక్షరముల తునుక నొకదానిని స్ఫటికముగా పేర్చి దాని యాకారమును పరమాణువు పరమాణువుగా చిత్రించిరి. అది మహత్తరమైన కృషి. అయితే స్ఫటికములో అణువులు ఒకదాని నొకటి ఒరసికొని ఒత్తిడికి లోనై యుండును. ఆ తునుకలోని రెండు పేలికలును ఒకే వరుస గలవైనను, స్ఫటికములో వాని యాకారములు సరిగా ఒకటి కాలేదు. సజీవకణములో డి.ఎన్.ఏ. ఉండునది నీటిలో. నీటియందు కదలాడుచుండగనే దాని రూపమును పట్టుకొను ఉపాయము వేరొకటి కావలసివచ్చెను. ఆ యుపాయమే కేంద్రకాయస్కాంత అనునాదము, వ్యవహారమున ఎన్.ఎమ్.ఆర్. అందురు.

హైడ్రొజను పరమాణువు గర్భమున నున్న ప్రోటాను మిక్కిలి బలహీనమైన అయస్కాంతము. దానిని బలమైన అయస్కాంతక్షేత్రములో నుంచినచో క్షేత్రమునకు అనుకూలముగనో ప్రతికూలముగనో నిలుచును. ఈ రెండు స్థితుల నడుమ నున్న శక్తిభేదమునకు సరిపోవు రేడియో తరంగము తగిలినప్పుడు మాత్రమే దానిని గ్రహించి స్థితి మార్చుకొనును. 1946లో అమెరికాలో బ్లాక్, పర్సెల్ అను ఇరువురు వేరువేరుగా దీనిని ప్రయోగపూర్వకముగా నిరూపించి 1952లో నోబెల్ బహుమానము నందిరి. ఈ సంకేత మెంత క్షీణమైనదో ఒక లెక్క చెప్పిన తెలియును. భూమి అయస్కాంతక్షేత్రమునకు రెండు లక్షల రెట్లకు మించిన 11.7 టెస్లాల క్షేత్రములో, సెకనుకు 50 కోట్ల కంపనముల తరంగముతో పనిచేయు యంత్రమునందు సైతము, లక్ష ప్రోటానులలో అనుకూలస్థితి నున్నవి ప్రతికూలస్థితి నున్నవానికంటె సుమారు నాలుగు మాత్రమే యధికము. ఆ నాలుగింటి మాటయే మనకు వినబడునది. అట్టి క్షేత్రమును నిలిపి యుంచుటకు అయస్కాంతపు తీగచుట్టను −269 డిగ్రీల సెంటీగ్రేడు శీతలము గల ద్రవ హీలియములో ముంచి యుంచవలయును.

ప్రోటానులన్నియు సరిగా ఒకే తరంగమునకు స్పందించినచో ఈ విద్యవలన రసాయనజ్ఞునకు ప్రయోజన మేమియు లేకుండెడిది. అదృష్టవశమున, ప్రతి ప్రోటాను చుట్టునున్న ఎలక్ట్రానులు దానికి కొంత మరుగు కల్పించుటచేత, అణువులో నివసించు చోటునుబట్టి దాని స్పందన పదిలక్షలలో కొన్ని వంతులు అటునిటు జరుగును. డి.ఎన్.ఏ. తునుకలో క్షారములపై నున్న ప్రోటానులు ఒక ప్రాంతమునను, ఆ క్షారములను మోయు చక్కెర వలయముల ప్రోటానులు మరికొన్ని ప్రాంతములందును, థైమీనునకు తగిలియున్న మిథైలు సమూహపు ప్రోటానులు వేరొక కొసను కనుపించును. రెండు పేలికలను జతకూర్చు హైడ్రొజను బంధములలోని ప్రోటానులు అన్నిటికంటె దూరమున, విడిగా నిలుచును; అవి కనబడినచో జంట నిలిచియున్నదని తెలిసినట్లే. అయితే ఈ బంధపు ప్రోటానులను చూచుటకు మామూలు నీరు కావలెను, తక్కినవానిని చూచుటకు భారజలము మేలు. ఏలయన మామూలు నీటిలోని హైడ్రొజనుల అపారసంకేతము తక్కిన వానిని ముంచివేయును.

ఇంతవరకు సులభమే. పండ్రెండక్షరముల తునుకలో ఒక్క చక్కెర ప్రోటానులే 84. క్షారములవానిని కూడ చేర్చినచో నూటికి మించును. ఇవియన్నియు ఒకే పటముపై ఒకదానిపై నొకటి పడి కలిసిపోయి యుండగా ఏది యెవరిదో చెప్పుట ఎట్లు? ఈ చిక్కును విడదీసినది ద్విపరిమాణ వర్ణపటము. 1971లో బెల్జియమునకు చెందిన జీనర్ ఈ భావమును మొలకెత్తించగా, స్విట్జర్లండులో ఎర్నెస్ట్ దానిని పెంచి పెద్దచేసెను. 1980లో ఎర్నెస్ట్, వ్యూట్రిక్కులతో కలిసి దీనిని ప్రోటీనుల కన్వయించినవారిలో మన భారతీయుడైన అనిల్ కుమార్ ఒకడనుట ఇచ్చట చెప్పదగిన మాట. ఎర్నెస్టునకు 1991లోను, వ్యూట్రిక్కునకు 2002లోను నోబెల్ బహుమానములు లభించినవి. ఇందులో రెండు విధములైన పటములు ముఖ్యము. మొదటిది బంధముల ద్వారా పరస్పరము మాటలాడుకొను ప్రోటానులను చూపును. దీనివలన ఒకే చక్కెర వలయమునకు చెందిన ప్రోటాను లేవియో ఒక కుటుంబముగా తెలియును. రెండవది బంధముతో నిమిత్తము లేక, కేవలము దగ్గరగా నున్నందువలన ఒకదాని ప్రభావ మింకొకదానిపై పడు ప్రోటానుల జంటలను చూపును.

ఈ రెండవదానియందే ఆకారరహస్య మంతయు నిమిడియున్నది. గుంటూరు మిర్చి యార్డునకు దూరమున రహదారిపై పోవువానికి ఘాటు సోకదు, ప్రహరీ దాపునకు వచ్చిన తుమ్ము వచ్చును, బస్తాల నడుమ నిలిచిన కన్నులు తెరువలేడు; తుమ్మునుబట్టియే తానెంత దగ్గర నున్నాడో కనులు మూసికొనియు చెప్పగలడు. ప్రోటానుల నడుమ ప్రభావమును అట్టిదే, కాని దానికంటె ఎంతయో తీవ్రముగా తరుగును: దూరము రెట్టింపైనచో ప్రభావము అరువది నాలుగవ వంతునకు దిగిపోవును. మిల్లీమీటరులో ఇరువది లక్షలలో ఒక వంతు దూరము దాటినచో ఇంచుమించు వినబడదు. కావున పటముపై ఒక చుక్క కనబడినచో ఆ రెండు ప్రోటానులును ఆ దూరములోపల నున్నట్లు నిశ్చయము. చుక్క యెంత గాఢమో అంత సామీప్యము. కుడివైపు తిరుగు జంటసర్పిలములో ప్రతి క్షారపు ప్రోటానును తన చక్కెర ప్రోటానుకును, తనకు ముందున్న యక్షరపు చక్కెర ప్రోటానుకును దాపున నుండును. అందుచేత పరిశోధకుడు మొదటి యక్షరమునుండి రెండవదానికి, రెండవదానినుండి మూడవదానికి చుక్క వెంట చుక్కగా నడచుచు తునుక కొసవరకు చేరగలడు. ఎచ్చటనైన చుక్క బలహీనమైనను లేకపోయినను అచ్చట సర్పిలము మామూలు తీరున లేదని యర్థము. బంధముల ద్వారా కలుగు ప్రభావము పరిమాణమునుబట్టి బంధముల మెలికకోణమును గణించు సంబంధమును 1959లో కార్ప్లస్ తెలిపియుండెను. దానివలన చక్కెర వలయము ఏ తీరున వంగియున్నదో తేలును.

ఇట్టి పరిశోధన మనదేశమున 1980ల దశకమున బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనసంస్థలో విరివిగా జరిగినది. గిర్జేశ్ గోవిల్, ఆర్.వి. హోసూర్, కె.వి.ఆర్. చారి మొదలగువారు అచ్చటి 500 మెగాహెర్ట్జుల యంత్రముతో అనేక డి.ఎన్.ఏ. తునుకలను పరిశీలించిరి. వానిలో ఒకదానినిగూర్చి 1987లో చారి, హోసూర్, గోవిల్‌లు, తాన్, మైల్స్ అను సహచరులతో కలిసి బయోకెమిస్ట్రీ పత్రికలో వెలువరించిన వ్యాసమును కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన ఈ విద్య సమస్త స్వారస్యమును అందున్నది.

వారు గ్రహించిన తునుక జి-ఎ-ఎ-టి-టి-సి అను ఆరక్షరముల మాట రెండుమారులు వచ్చు పండ్రెండక్షరముల వరుస. ఈ మాట యాదృచ్ఛికముగా నెన్నుకొన్నది కాదు. మన ప్రేవులలో నివసించు ఇ. కోలై జాతి బాక్టీరియములలో కొన్నింటియందు, తమపై దాడిచేయు వైరస్సుల డి.ఎన్.ఏ.ను ఖండించు ఎన్‌జైము కలదు. దానిని ఇకో-ఆర్-వన్ అందురు. అది ఎంత పొడవైన డి.ఎన్.ఏ.నందైనను జి-ఎ-ఎ-టి-టి-సి అను మాట యున్నచోటనే ఆగి, జి-కిని దాని ప్రక్కనున్న ఎ-కిని నడుమ త్రెంచును. ఒక జీవి జన్యువును కోసి మరియొక జీవి జన్యువులో అతికించు నేటి విద్యకు ఇట్టి కత్తెరలే ఆధారము. ఇవి లేనిచో బాక్టీరియపు జన్యువు ప్రత్తిమొక్కలోనికి వచ్చియుండెడిది కాదు. పై మాటను ఒక పేలికపై చదివినను, దాని జంటపేలికపై ఎదురుదిక్కునుండి చదివినను ఒకే విధముగ నుండుట మరియొక విశేషము. అందుచేత నీటిలో రెండు పేలికలును సమరూపములైనచో వర్ణపటమున ఒకే జట్టు సంకేతములు కనుపింపవలయును. అట్లే కనుపించినవి. స్ఫటికములో సోదరతునుక చూపిన వ్యత్యాసము నీటిలో కానరాలేదు.

తరువాత చక్కెర వలయముల వంతు. ఐదు పరమాణువుల ఆ వలయము ఎన్నడును బల్లపరుపుగ నుండదు. ఒక పరమాణువు తలము వీడి పైకి లేచియుండును. సాధారణ డి.ఎన్.ఏ.లో లేచునది రెండవ సంఖ్య గల కార్బను. ఈ తునుకలో మాత్రము పెక్కు వలయములందు ఆక్సిజను లేచియున్నట్టి అసాధారణరూపము కనబడెను. క్షారములన్నియు మామూలు దిశనే తిరిగియున్నవి. ఎ-ఎ-టి-టి భాగములు చక్కగా ఒకదానిపై నొకటి పేరుకొనియున్నవి. కాని మూడుచోట్ల వరుస తప్పినది. అందొకటి నడుమనున్న టి-సి-జి ప్రాంతము; ఇది డి.ఎన్.ఏజ్-వన్ అను మరియొక ఎన్‌జైము మక్కువతో త్రెంచు తావు. తక్కిన రెండును మొదటి జి-కి ఎ-కి నడుమను, ఏడవ జి-కి ఎనిమిదవ ఎ-కి నడుమను ఉన్న సంధులు. ఈ మూటియందును ఇరుగుపొరుగు ప్రోటానుల నడుమ దూరములు జంటసర్పిలములో ఉండదగినదానికంటె ఎంతో యధికముగ నుండెను. ఆ కడపటి రెండు సంధులును ఏవి? ఇకో-ఆర్-వన్ త్రెంచు తావులే! కత్తెర ఇంకను దరిచేరకమునుపే, కేవలము నీటిలో నున్న తునుకయందే, తెగదగిన చోట సందు ఏర్పడియున్నది. ఇట్టి సందులే ప్రోటీను మొదట గుర్తుపట్టు నెలవులు కావచ్చునని వారు సూచించిరి. నేను ఈ శాస్త్రమున చదివిన వానిలో నన్ను ఇంతగా ఆకర్షించిన ఫలితము మరియొకటి లేదు.

ఆ 1987వ సంవత్సరమే గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిరైతునకు దుర్దినములు తెచ్చినది. తెల్లదోమయు కాయతొలుచు పురుగును విరుచుకుపడి, ఎన్ని మందులు కొట్టినను లొంగకపోగా, అప్పులపాలై ప్రాణములు తీసికొన్న రైతులు గల కాలమది. బొంబాయి ప్రయోగశాలకును ఈ చేలకును అప్పుడు సంబంధ మేమియు లేదు. అయినను పదునైదేండ్లు తిరుగునప్పటికే జన్యువులను కోసి అతికిన విత్తనము ఇదే నేలపై పడినది.

ఈ ఫలితములను గ్రహించుటలో ఒక జాగరూకత యవసరము. ఎన్.ఎమ్.ఆర్. ఒక్క యణువును చూడదు. కోటానుకోట్ల అణువులు నిరంతరము కదలుచుండగా వాని సగటును చూపును. చక్కెర వలయము క్షణములో లక్షలాది పర్యాయములు రెండు రూపముల నడుమ ఊగిసలాడినచో, పటముపై కనుపించునది ఆ రెండింటి నడిమిరూపము. అది నిజముగ నిలుకడగల నడిమిరూపమో, రెండింటి మిశ్రమమో నిర్ణయించుటకు మరికొన్ని కొలతలు కావలయును. తరువాతి పరిశోధకులు ఈ విషయమున ఎంతో తర్కించిరి. ఇది లోపమని నేననను. కదలిక జన్యుపదార్థపు స్వభావము. దానిని స్ఫటికములో బిగించి చూచుటకంటె కదలుచున్నదానిని కదలుచున్నట్లుగ చూచి తికమకపడుటయే సత్యమునకు దగ్గర.

తెలుగువారికి మరియొక కారణమున ఈ విద్య ఆత్మీయము. కేంద్రకామ్లపు అత్యల్పఖండము ఒకే యక్షరము. అట్టి యేకాక్షరములలో జీవులకు ప్రాణాధారమైనది అడినీనునకు చక్కెరయు మూడు ఫాస్ఫేటులును చేరిన ఏ.టి.పి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కెతో కలిసి 1927లో కండరములయందు ఫాస్ఫోక్రియాటీనును, 1929లో ఏ.టి.పి.ని కనుగొనెను, అదేయేట జర్మనీలో లోమన్ సైతము ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. ఫాస్ఫోక్రియాటీనులోని ఫాస్ఫేటును ఏ.టి.పి.కి అందించియు, మరల పుచ్చుకొనియు, ఈ రెండింటి నడుమ వ్యవహరించు ఎన్‌జైము క్రియాటీను కైనేజు. అలీగఢ్ విశ్వవిద్యాలయమున పుచ్చా వెంకటేశ్వర్లు వద్ద ఎన్.ఎమ్.ఆర్. నేర్చి అమెరికాలో స్థిరపడిన బి.డి. నాగేశ్వరరావు, తన శిష్యులతో ఇదే ఎన్‌జైము గర్భమున ఏ.టి.పి. ఏ యాకారముతో నుండునో 1990లలో కొలిచెను. ఎన్‌జైము చాల పెద్దది, దాని సంకేతములు అలుముకొనిపోవును, కాని ఏ.టి.పి. క్షణకాలము అందు చేరి, మరల నీటిలోనికి వచ్చి, లోపల తానున్నప్పటి సామీప్యముల జాడను తనతో తెచ్చును. ఆ జాడను చదివి వారు అడినీనునకును చక్కెరకును నడుమనున్న మెలికకోణము ఇంచుమించు 50 డిగ్రీలని తేల్చిరి. పనులు వేరైన మరికొన్ని ఎన్‌జైములయందును ఏ.టి.పి. ఇట్టి కోణముననే యుండుట వారు గమనించిరి. సుబ్బారావు కనుగొన్న రెండు పదార్థములు కలిసికొను చోటున, అందొకదాని భంగిమను మరియొక తెలుగువాడు కొలుచుట యాదృచ్ఛికమే కావచ్చును; నాకు మాత్రము దానిని చెప్పకుండ ముందునకు పోవుటకు మనసొప్పలేదు.

మిరపతోటలోని వైరస్సు కడకు వత్తము. జెమినీ వైరస్సు డి.ఎన్.ఏ. వలయములో సుమారు 2,700 అక్షరములు కలవు. అంత పెద్దదానిని ఎన్.ఎమ్.ఆర్. చూడలేదు, అణువు పెద్దదైనకొలది నీటిలో మెల్లగా దొర్లును, సంకేతములు వెడల్పై ఒకదానిలో నొకటి కలిసిపోవును. అందుచేతనే తునుకలను పట్టుకొనుట. ఆ వలయములో ఒకచోట పేలిక తనపై తాను మడతపడి జడపిన్నువంటి ఆకారము పొందును. ఆ మడత కొసను టి-ఎ-ఎ-టి-ఎ-టి-టి-ఎ-సి అను తొమ్మిదక్షరములు జెమినీ వైరస్సులలో ఇంచుమించు అన్నిటియందును మార్పులేక కానవచ్చుచున్నవి. వైరస్సునకు చెందిన రెప్ అను ప్రోటీను ఆ తొమ్మిదింటిలో ఏడవ యెనిమిదవ యక్షరముల నడుమ గాటు పెట్టిననే గాని వైరస్సు మొక్కలో వృద్ధిపొందజాలదు. తెల్లదోమ మొక్కనుండి మొక్కకు మోయునది వైరస్సునే. తోటను పాడుచేయునది ఈ గాటుతో నారంభమగు వృద్ధి.

టమాటా ఆకుముడతకు కారణమైన ఇట్టి వైరస్సు నొకదానిని గ్రహించి, దాని రెప్ ప్రోటీనులో గాటు పెట్టు భాగము నాకారమును కాంపోస్-ఒలివాస్, ఏంజెలా గ్రోనెన్‌బోర్న్, బ్రూనో గ్రోనెన్‌బోర్న్ మొదలగువారు 2002లో ఎన్.ఎమ్.ఆర్. ద్వారా నిర్ణయించిరి. నీటిలో కదలుచున్న నూటపదునెనిమిది అమైనో ఆమ్లముల ఆ ఖండములో, పట్టీలుగా పేర్చిన పేలికల పొరయు, ఆ పొరపై డి.ఎన్.ఏ.ను పట్టి కోయు టైరోసీను నెలవును స్పష్టముగ కనబడినవి. మొక్క తన వంతుగా వైరస్సు నెదిరించు తీరునుగూర్చి, అనగా జంటపేలిక ఆర్.ఎన్.ఏ.ను గుర్తించి తునుకలు చేయు ప్రోటీనులనుగూర్చి, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనసంస్థలో మందార్ దేశ్‌ముఖ్ బృందము ఇదే యంత్రవిద్యతో పరిశోధించుచున్నది.

రెప్ ఆకారమును చూచినవారికి ఆశ్చర్యము గొలిపిన దొకటి కలదు. అమైనో ఆమ్లముల వరుసలో పోలిక యేమియు లేకున్నను, దాని మడతతీరు కోతులలో కనుపించు ఎస్.వి.-40 అను వైరస్సు ప్రోటీనునకును, మనుష్యుని చర్మముపై పులిపిరులు పుట్టించు పాపిలోమా వైరస్సు ప్రోటీనునకును సన్నిహితముగ నున్నది. మిరపాకును ముడిచివేయు కులమునకు చెందిన వైరస్సును, మన చేతివ్రేలిపై పులిపిరి పెంచు వైరస్సును, తమ డి.ఎన్.ఏ.పై చేయివేయునది ఒకే పోతలోని పనిముట్టుతో.